రక్తంలో ఉన్నదేమిటి?

పిల్లకు సంబంధం చూసేముందు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలని మన పెద్దల మాట. మాటవరసకు అంటారే గాని, నిజంగా ఏడు తరాలు చెప్పగలవారు మనలో ఎందరున్నారు? తద్దినం నాడు పురోహితుడు అడిగితేగాని ముత్తాత పేరు గుర్తుకు రాదు. ఆయనకు ముందువారి సంగతి ఆ భగవంతుడికే ఎరుక. ఇక వారిలో ఎవరు నిద్రాహారాలు మాని రాత్రింబవళ్ళు ఊరంతా తిరిగారో, ఎవరు నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకున్నారో ఎవరు వ్రాసిపెట్టారు గనుక? వ్రాసిపెట్టకపోగా, తెలిసినదాన్ని కూడా దాచిపెట్టడమే మన ఇళ్ళలో పద్ధతి.

ఏడు తరాలు తడుముకోకుండా చెప్పగల జనం ఒకరున్నారు. వారు మనకు చాలా దూరాన, అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, లాంకాస్టర్ ప్రాంతంలో ఉన్నారు. వారిని అమిష్‌లు అంటారు. పద్ధెనిమిదవ శతాబ్దంలో స్విట్జర్లండ్, జర్మనీ ప్రాంతాలనుంచి మతస్వేచ్ఛ కోసం వలసపోయిన కొద్ది కుటుంబాల సంతానం. ఇప్పటికీ సొంత కార్లు ఉంచుకోరు, గుర్రపు బళ్ళమీద తిరుగుతారు. ఇళ్ళలో కరెంటు తీగ ఉండదు. పెళ్ళిళ్ళు తమలో తామే చేసుకుంటారు. కుటుంబాలు పెద్దవి; ఎవరికి ఎవరు పుట్టారో, ఎవరిని ఎవరు చేసుకున్నారో పుస్తకాలలో వ్రాసి ఉంచుకుంటారు.

ఈ జనంలో ఒక జబ్బును గురించి ఒక మాట వాడుకలో ఉంది. ఎవరైనా కొన్నాళ్ళు మితిమీరిన ఉత్సాహంతోనూ, కొన్నాళ్ళు అంతులేని దిగులుతోనూ బాధపడుతుంటే, తమ జర్మన్ మాండలికంలో "సిస్ ఇమ్ బ్లూట్" అంటారు. "అది రక్తంలో ఉంది" అని అర్థం. అచ్చంగా మనం "వాళ్ళ వంశంలోనే ఉందమ్మా" అనడం వంటిదే.

ఆ జబ్బును నేడు డాక్టర్లు బైపోలార్ డిజార్డర్ అంటున్నారు. తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని కనుక నాకు ఉన్మాద విషాద రోగం అనడం ఇష్టం. రెండు కొసలూ అందులో వినబడతాయి. ఈ రెండూ వేరువేరు జబ్బులు కావు, ఒకే జబ్బుకు రెండు ముఖాలని 1899లో జర్మన్ వైద్యుడు క్రెపెలిన్ తన గ్రంథంలో వ్రాశాడు. ఉన్మాదపు రోజులలో మనిషికి నిద్ర అక్కరలేదు, మాటకు అడ్డుండదు, చేతిలో డబ్బు నిలవదు. విషాదపు రోజులలో లేచి ముఖం కడుక్కోవడమే కొండ ఎక్కడమంత పని. మధ్యలో నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు, మామూలు మనిషే. ఆ మధ్యకాలం చూచే బంధువులు, "అంతా ఒళ్ళు కొవ్వి చేసే వేషాలు" అంటారు.

జానిస్ ఎగెలాండ్ అనే సామాజిక శాస్త్రజ్ఞురాలు 1976లో ఈ అమిష్‌ల మధ్య పరిశోధన మొదలుపెట్టింది. అమిష్‌లలో ఈ జబ్బు ఇతరులకంటె ఎక్కువని కాదు. వారిలో తాగుడూ మత్తుమందులూ అరుదు కనుక జబ్బు వేషం మార్చుకోకుండా కనబడుతుంది. వంశవృక్షం చేతిలో ఉంది. ఆమె వారి ఇళ్ళకు వెళ్ళి, వంటింట్లో కూర్చుని, కథలు వ్రాసుకున్నది. రోగి పేరూ బంధుత్వమూ తెలియనివ్వకుండా ఆ వివరాలను మనోవైద్యుల బృందం చేత చదివించి నిర్ణయం చేయించింది.

ఆ కథలలో ఒక సంగతి నాకు మిక్కిలి నచ్చింది. అంత కట్టుబాటు గల సమాజంలో ఉన్మాదం ఎలా బయటపడుతుంది? గుర్రబ్బండిని విపరీతమైన వేగంతో తోలడం, మతం వద్దన్న యంత్రాలు కొనడం, పబ్లిక్ టెలిఫోను వదలకపోవడం, పొలం పనుల అదనులో విహారయాత్రకు బయల్దేరడం - ఇవీ లక్షణాలు! మన ఊళ్ళో అయితే వీటిలో ఒక్కటీ జబ్బుగా కనబడదు. మనవాళ్ళయితే అడగనివాడికి కూడా ఎకరం పొలం వ్రాసి ఇస్తారు. జబ్బు ఒకటే; దాని భాష మాత్రం ఊరి భాషే.

1985లో ఎగెలాండ్ మరొక విషాదకరమైన లెక్క ప్రకటించింది. 1880 నుంచి 1980 వరకు నూరేళ్ళలో ఆ ప్రాంతపు అమిష్‌లలో ఆత్మహత్యలు 26. వారిలో 24 మంది ఉన్మాదమో విషాదమో పట్టి పీడించినవారే. దాదాపు ముప్పాతిక వంతు మరణాలు నాలుగే కుటుంబ శాఖలలో జరిగాయి. అయితే జబ్బు అంతగానూ ఉండి, ఒక్క ఆత్మహత్య కూడా లేని కుటుంబాలు కూడా ఉన్నాయి. ఈ రెండవ వాక్యాన్ని చాలామంది చదవకుండా వదిలేస్తారు. నేను మాత్రం దానికింద గీత గీసుకున్నాను.

ఇక రక్తంలో వెతకడం ఎలాగో చెప్పాలి. మా తెలుగు వాళ్ళకు తాళపత్రాల సంగతి తెలుసు కనుక ఆ భాషలోనే చెబుతాను. ఒక కావ్యాన్ని లేఖకుడు నకలు తీస్తూ ఏదో ఆకులో ఒక అక్షరం తప్పు వ్రాశాడనుకోండి. ఆ ప్రతినుంచి తీసిన ప్రతులన్నింటిలోనూ ఆ తప్పు వస్తుంది. పరిష్కర్త పది ప్రతులు ముందు వేసుకుని, ఆ తప్పును బట్టి ఏ ప్రతి ఏ ప్రతికి బిడ్డో చెప్పగలడు. మన శరీరంలో క్రోమోజోములు అటువంటి గ్రంథాలే. తండ్రి నుంచి ఒక ప్రతి, తల్లి నుంచి ఒక ప్రతి వస్తాయి. ఒక కుటుంబంలో జబ్బు పడినవారందరిలోనూ ఒకచోట ఒకే ఆనవాలు కనిపించి, ఆరోగ్యంగా ఉన్నవారిలో కనబడకపోతే, జబ్బుకు కారణమైన అక్షరం ఆ ఆకుకు దగ్గరలోనే ఉందని ఊహించవచ్చు.

1987 ఫిబ్రవరిలో ఎగెలాండ్, ఆమె సహచరులు 'నేచర్' పత్రికలో ప్రకటించింది ఇదే. అమిష్ కుటుంబం ఒకదానిలో జబ్బు జాడ పదకొండవ క్రోమోజోము కొసన, ఇన్సులిన్ జన్యువు పరిసరాలలో దొరికిందన్నారు. ప్రపంచమంతటా పత్రికలు సంబరంగా వ్రాశాయి. ఆ మరుసటి నెలలోనే, అదే పత్రికలో, జెరూసలేము కుటుంబాలను పరిశీలించిన మరొక బృందం జాడ ఎక్స్ క్రోమోజోములో ఉందన్నది. పిచ్చికి మూలం దొరికింది, ఇక మందు దొరకడమే తరువాయి అనుకున్నారు జనం.

నిజానికి అమిష్ వ్యాసం వచ్చిన సంచికలోనే, ఐస్లాండు కుటుంబాలలోనూ మరికొన్ని అమెరికా కుటుంబాలలోనూ వెతికిన వారు తమకు ఆ జాడ కనబడలేదని వ్రాశారు. సంబరంలో అది ఎవరికీ వినబడలేదు.

తరువాత జరిగింది చూడండి. ఆరోగ్యవంతుల లెక్కలో చేరిన అమిష్‌లలో ఇద్దరికి ఆ తరువాత జబ్బు వచ్చింది. వారిలో ఆ ఆనవాలు లేదు. కుటుంబంలో మరొక శాఖను కలిపి చూచారు. లెక్క ఇంకా బలహీనపడింది. 1989 నవంబరులో అదే 'నేచర్'లో పునఃపరిశీలన వచ్చింది: పదకొండవ క్రోమోజోము మాట నిలవదని. ఆ వ్యాసం క్రింద సంతకం చేసినవారిలో ఎగెలాండ్ కూడా ఉంది. జెరూసలేము బృందం కూడా 1993లో తమ వాదానికి ఆధారం సన్నగిల్లిందని తామే ప్రకటించింది. తన పాఠాన్ని తానే కొట్టివేసే పండితులు ఎక్కడైనా అరుదు. ఈ విషయంలో వారికి నమస్కరించవలసిందే.

కథ అక్కడితో ఆగలేదు. 2014లో మరొక బృందం అమిష్ కుటుంబంలో ఒక్కొక్క ఆనవాలు కాదు, మొత్తం గ్రంథాన్నే అక్షరం అక్షరం చదివింది. ఒకే ఊరు, ఒకే వంశం, ఒకే జబ్బు. అయినా అందరికీ ఉమ్మడిగా ఉన్న ఒక్క కారణం కనబడలేదు. ఒక శాఖలో ఒక చోట, మరొక శాఖలో మరొక చోట జాడలున్నాయి. ఒకే దొంగ అనుకున్నది ఒక పెద్ద గుంపు అన్నమాట.

కుటుంబాలలో వెతకడంతో పాటు, శాస్త్రజ్ఞులు లక్షలమందిని చేర్చి పోల్చడం మొదలుపెట్టారు. 2021లో 41,917 మంది రోగులను పోల్చి 64 చోట్ల తేడా కనుక్కున్నారు. 2025లో లక్షా యాభై ఎనిమిది వేలమంది రోగులను, 28 లక్షలమంది ఇతరులను పోల్చగా ఆ చోట్లు 298 అయ్యాయి. ఇందులో ఒక్కొక్క తేడా చేసే కీడు చిటికెడు. మీలోనూ నాలోనూ వాటిలో ఎన్నో ఉండే ఉంటాయి. చిటికెడు చిటికెడు కలిసి, పైన నిద్రలేమి, దుఃఖం, ప్రసవం వంటివి తోడై ఒకరిలో జబ్బుగా తేలుతుంది. అరుదుగా కొన్ని పెద్ద లోపాలూ ఉన్నాయి. 2022లో ఎ.కె.ఎ.పి.11 అనే జన్యువు అటువంటిదని తేలింది. లిథియం మందు పనిచేసే తోవగా అనుమానిస్తున్న ఒక ప్రోటీనుతో దానికి సంబంధం ఉంది.

మరి వంశపారంపర్యం నిజమా, కాదా? నిజమే. కవలలలో తెలుస్తుంది. ఒకే పోలికగల కవలలలో ఒకరికి ఈ జబ్బు ఉంటే రెండవవారికి వచ్చే అవకాశం నూటికి 40 నుంచి 70 అని పరిశోధకుల అంచనా. అంటే అక్షరం అక్షరం ఒకే గ్రంథమైనా, రెండవవారికి రాకుండా పోయే సందర్భాలూ ఎన్నో ఉన్నాయి. తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఉంటే, మనకు వచ్చే అవకాశం నూటికి 5 నుంచి 10. బంధువులలో ఎవరికీ లేకపోతే సుమారు ఒకటి. పది రెట్లు అని వింటే గుండె ఆగుతుంది. నూటికి తొంభైమందికి పైగా రాదని వింటే ఆగిన గుండె మళ్ళీ కొట్టుకుంటుంది. రెండూ ఒకే లెక్కే.

ఈ లెక్కలు నేను ఊరకనే చదవలేదు. మా మేనమామ తెనాలి దగ్గర పల్లెటూళ్ళో ఉండేవారు. మంచి వ్యవసాయదారుడు. ఒక యేడు ఉన్నట్టుండి తెల్లవార్లూ పద్యాలు అల్లేవారు. బజారులో కనబడినవాడినల్లా భోజనానికి పిలిచేవారు. రెండెకరాలు కారుచౌకగా అమ్మి గుడికి ప్రహరీ కట్టించారు. మరుసటి యేడు పశువుల కొట్టంలోకి కూడా వెళ్ళేవారు కాదు. కొందరు గాలి సోకిందన్నారు, కొందరు వేషం అన్నారు. మందు పెట్టించినవారు లేరు. ఆయన పోయిన తరువాత ఆ సంగతి ఇంట్లో ఎత్తకూడదని ఒక నియమం ఏర్పడిపోయింది. కారణం ఒకటే: ఇంట్లో పెళ్ళికావలసిన పిల్లలున్నారు.

ఆయన మనుమరాలికి ఇరవయ్యోయేట దిగులు పట్టుకున్నది. చదువు మానేసి గదిలో పడుకుంది. ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. డాక్టరుగారు అడగవలసిన ప్రశ్నే అడిగారు: "ఇంట్లో ఇంతకు ముందు ఎవరికైనా ఇలాంటిది ఉండేదా అమ్మా?"

"మా ఇంటావంటా లేదండీ," అన్నది పిల్ల తల్లి, గట్టిగా.

డాక్టరుగారు దిగులుకు మందిచ్చారు. ఆయన తప్పేమీ లేదు. తెలిసినదాన్ని బట్టి ఇచ్చారు. నెల తిరగకుండా ఆ పిల్ల నిద్రపోవడం మానేసింది. గంటకొక ఆలోచన, పూటకొక కొత్త చీర. తల్లి గాజులు తాకట్టుపెట్టి స్నేహితురాళ్ళందరికీ సెల్‌ఫోన్లు కొన్నది. ఈసారి ఆసుపత్రికి మా అత్తయ్య కూడా వెళ్ళింది. మేనమామగారి భార్య, డెబ్భై అయిదేళ్ళ మనిషి. కోడలు చెయ్యి పట్టి ఆపుతున్నా ఆగలేదు.

"బాబూ, మా ఆయనకూ ఇట్లాగే ఉండేది. యేడాది అట్లా, యేడాది ఇట్లా. నలభై యేళ్ళు చూశాను. పిల్ల పెళ్ళి ఆగిపోతుందని మా కోడలు చెప్పనివ్వలేదు. పెళ్ళి ఆగితే ఆగింది గాని, పిల్ల ఉండాలి గదా!" అన్నది.

ఆ ఒక్క మాటతో మందు మారింది. విషాదంలో మాత్రమే చూచి విషాదానికి మాత్రమే మందిస్తే, ఈ జబ్బు ఉన్నవారిలో కొందరు ఉన్మాదంలోకి దొర్లే ప్రమాదం ఉంది. వంశంలో ఉన్నదని తెలిస్తే డాక్టరు ఆదినుంచే జాగ్రత్తపడతాడు. ఆ పిల్లకు లిథియం ఇచ్చారు. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే వైద్యుడు ఉన్మాద రోగులకు మొదట వాడి చూపిన లవణమది, నేటికీ పాతబడలేదు. దాని మోతాదు రక్తంలో పరీక్ష చేస్తూ ఉండాలి, థైరాయిడ్, మూత్రపిండాలు చూపించుకుంటూ ఉండాలి. ఆమె అవన్నీ చేయించుకుంటూ ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నది. లిథియం బాగా పనిచేసే గుణం కూడా కుటుంబాలలో నడుస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి మీ పెదనాన్నకు ఏ మందు కుదిరిందో మీ డాక్టరుకు చెప్పండి. అది పనికివచ్చే ఆస్తి.

వంశం సంగతి దాచడం చూస్తే కోపం వస్తుంది గాని, దాచేవారి భయం వట్టి భయం కాదు. 1933లో జర్మనీలో హిట్లరు ప్రభుత్వం ఒక చట్టం చేసింది. మరుసటి యేడు జనవరి నుంచి అమలైంది. బిడ్డలు కనకుండా బలవంతంగా శస్త్రచికిత్స చేయవలసిన రోగుల జాబితాలో ఉన్మాద విషాద రోగులున్నారు. వంశవృక్షాలు వ్రాసిన చేతులే ఆ చట్టానికి ఆసరా అయ్యాయి. అమెరికాలో ఈ జబ్బును చదివిన పండితురాలు, తానే ఈ జబ్బును అనుభవించిన కే రెడ్‌ఫీల్డ్ జామిసన్, ఒక వైద్యుడు తనను బిడ్డలను కనవద్దన్నాడని 1995 నాటి తన ఆత్మకథలో వ్రాసుకున్నది. ఇటువంటి మాటలు విన్నవారు నోరు విప్పడానికి భయపడితే ఆశ్చర్యమేమున్నది?

అందుకే చెబుతున్నాను: రక్తపరీక్ష చేసి "ఈ పిల్లకు బైపోలార్ వస్తుంది" అని చెప్పగల పరీక్ష నేడు లేదు. 298 చోట్లు దొరికినా లేదు. ఎవరైనా డబ్బు తీసుకుని అటువంటి పరీక్ష చేస్తామంటే నమ్మకండి. పెళ్ళిసంబంధాలకు దాన్ని ఆధారం చేసుకోవడం మరీ అన్యాయం. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా వధూవరుల మానసిక స్థితి సంగతి అడుగుతుందిగాని, వారి మేనమామల సంగతి అడగదు. పెళ్ళి చేసుకోబోయే వ్యక్తికే జబ్బు ఉంటే మాత్రం అవతలివారికి ముందే చెప్పడం ధర్మం. తరువాత తెలిస్తే విరిగేది సంబంధం ఒక్కటే కాదు, నమ్మకం కూడా. అంతేకాదు, జబ్బు గలవారికి రాత్రి నిద్ర, వేళకు మందు ఎంత ముఖ్యమో పక్కనున్న మనిషికి తెలియకపోతే కాపాడేదెవరు?

మన దేశంలోనూ ఈ వెతుకులాట ఉన్నది. బెంగళూరులో నిమ్హాన్స్ వైద్యులు, జీవశాస్త్ర సంస్థల వారితో కలిసి, ఒకే ఇంట్లో పలువురికి తీవ్రమైన మానసిక రోగాలున్న కుటుంబాలను చేర్చుకుని పరిశీలన చేపట్టారు. వారి రక్తకణాలనుంచి మూలకణాలు, వాటినుంచి నాడీకణాలు తయారుచేసి చూస్తున్నారు. తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకోవడం వల్ల మన దేశంలోని ఎన్నో సముదాయాలు అమిష్‌ల వలెనే కొద్దిమంది పూర్వీకుల సంతానమని, హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు పాల్గొన్న 2017 నాటి పరిశోధన చూపింది. మన రక్తంలో చదవవలసినది చాలా ఉన్నది. 2025 నాటి ఆ పెద్ద లెక్కలో ఐరోపా, తూర్పు ఆసియా, ఆఫ్రికన్ అమెరికన్, లాటినో మూలాలవారున్నారు. దక్షిణాసియావారు ఒక వర్గంగా లేరు. మనం దాచుకున్నంతకాలం మన జబ్బుకు మందు పరాయివారి లెక్కలనుంచే రావాలి.

కాబట్టి ఒక చిన్న పని చేయండి. ఇంట్లో పెద్దవారు ఉండగానే, ఒక కాగితం తీసుకుని కూర్చోండి. తాతగారు, అమ్మమ్మ, బాబాయిలు, మేనత్తలు - ఎవరికి ఏ వయస్సులో ఏమి వచ్చింది, ఏ మందుకు తగ్గింది, వ్రాసుకోండి. చక్కెరజబ్బూ గుండెజబ్బూ వ్రాసిన వరుసలోనే దిగులునూ ఉన్మాదాన్నీ వ్రాయండి. కాగితాన్ని వీధిలో చూపనక్కరలేదు. డాక్టరుకు చూపితే చాలు. ఇంట్లో ఎవరైనా చచ్చిపోవాలని ఉందంటే ఆ మాటను తేలికగా తీసుకోకండి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితంగా మాట్లాడతారు, తెలుగులో కూడా.

అమిష్ రైతులు ఫోటో తీయించుకోవడానికి కూడా ఇష్టపడని మనుషులు. అయినా చేతులు చాపి రక్తమిచ్చారు. అది రక్తంలో ఉందన్న మాటతో సరిపెట్టుకోకుండా, ఏముందో చూడమన్నారు. యాభై యేళ్ళయినా పూర్తి జవాబు రాలేదు. వచ్చినంత మటుకు వచ్చిన జవాబులో శాపం అన్న మాట ఎక్కడా లేదు.